పాతర నుండి రాడారు వరకు - పాత్రలోని మట్టమును కొలిచిన కథ

మూత వేసిన పాత్రలో సరుకు ఎంత ఉన్నది? వంటింటి నూనె కూజా వద్ద ఇది చిన్న ప్రశ్న. లక్ష లీటర్ల నూనె పట్టు ఇనుప ట్యాంకు వద్ద, ఆవిరి బాయిలరు వద్ద, జలాశయము వద్ద ఇదే ప్రశ్న చాల పెద్దదగును. సమాధానము తప్పినచో సరుకు పొర్లిపోవును, బాయిలరు పగులును, కాలువ చివరి పొలము ఎండును. ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములే పోవును. పాత్రలోని మట్టమును తెలుపు సాధనమును మట్టసూచి అనవచ్చును. నేటి కర్మాగారములలో దానినే లెవెల్ సెన్సరు అందురు. దీని చరిత్రలోని ముఖ్య ఘట్టములు కొన్ని కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములోనే కనబడును. కనుక కథను అక్కడనే ప్రారంభింపవచ్చును.

జొన్న పాతర

ఆలూరు సీమలో నల్లరేగడి నేలలు ఎక్కువ, వానలు తక్కువ. 1876-78 నాటి మహా కరువు బళ్లారి మండలమును తీవ్రముగా పీడించినది. ఆలూరు, ఆదోని తాలూకాలు అప్పుడు ఆ మండలములోనివే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ రెండు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. ఒక ఏడు పండి, మరొక ఏడు ఎండు ఇటువంటి సీమలో పండిన గింజను దాచుకొనుట బ్రతుకుతెరువు. అందుకు రైతులు పాతరలు త్రవ్వెడివారు. తడి చేరని మెరక నేలలో లోతుగా గొయ్యి తీసి, అడుగున, ప్రక్కల గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మన్ను కప్పెడివారు. గాలి ఆడని పాతరలో పురుగు బ్రతుకజాలదు. గింజ చాలకాలము నిలుచును.

కాని ఆ మేలులోనే కీడు కూడ ఉన్నది. గింజలు కూడ శ్వాసించును. పాతరలోని ఆమ్లజని తగ్గి, బొగ్గుపులుసు వాయువు నిండును. ఆ వాయువు గాలికంటె బరువైనది, గోతిలోనే నిలిచియుండును. ఎంత ధాన్యము మిగిలినదో చూతమని తొందరపడి దిగినవాడు స్పృహ తప్పి పడిపోవచ్చును. అందుచేత పాతర తెరిచిన తరువాత కొంత సేపు గాలి ఆడనిచ్చి, దీపము దించి చూచి, అది ఆరిపోకున్న పిమ్మట దిగుమని పెద్దలు హెచ్చరించెడివారు. పాత్రలోనికి మనిషి దిగకుండ, బయటనుండియే లోపలి సంగతి తెలిసికొనవలెనన్న అవసరము ఇక్కడనే కనబడుచున్నది. నేటి గిడ్డంగులకు, ట్యాంకులకు మట్టసూచిని అమర్చుటలోని మొదటి ప్రయోజనము ఇదియే.

తేలెడి వస్తువు, గాజు గొట్టము

పైనుండి పుల్ల దించి తడిసిన మేర చూచుట అన్నిటికంటె పాత పద్ధతి. దాని తరువాతి మెట్టు తేలెడి వస్తువు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరవాసియైన టెసిబియస్ తన నీటి గడియారములో తేలుడు బిరడాను ఉపయోగించెను. నీరు ఎక్కువైనచో బిరడా లేచి దారిని మూయును. తగ్గినచో దిగి తెరచును. 1765 ప్రాంతమున రష్యాలో పోల్జునోవ్ అను యంత్రశిల్పి తాను నిర్మించిన ఆవిరి యంత్రపు బాయిలరులో నీటి మట్టమును నిలకడగా ఉంచుటకు ఇట్టి ఉపాయమునే వాడెను. నేడు ఇండ్ల మీది నీళ్ల ట్యాంకులలో కనబడు ఫ్లోటు కవాటము ఆ వంశములోనిదే.

ఆలూరు సీమకు ఆవిరి బాయిలరు రైలుతో వచ్చినది. మద్రాసు నుండి గుంతకల్లు, ఆదోనిల మీదుగా సాగిన రైలుమార్గము 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. ఆవిరి ఇంజనులో డ్రైవరు కండ్లయెదుట నిలువుగా ఒక గాజు గొట్టము ఉండెడిది. దాని పై కొస బాయిలరులోని ఆవిరితోను, క్రింది కొస నీటితోను కలిసియుండును. గోడ కట్టు మేస్త్రీ నీళ్లు నింపిన గొట్టముతో రెండు మూలల మట్టము సరిచూచును గదా! అదే సూత్రము ఇక్కడను పనిచేయును. కలిసియున్న రెండు పాత్రలలోని నీరు ఒకే మట్టమున నిలుచును. గాజులో నీరు కనబడకుండ పోయినచో నిప్పు తగులు లోహపు రేకు ఎఱ్ఱగా కాలి, మెత్తబడి, బాయిలరు ప్రేలును.

అయితే గాజు గొట్టము కూడ అబద్ధము చెప్పగలదు. బాయిలరు నీటిలోని లవణములు పేరుకొని క్రింది దారి మూసికొనిపోయినదనుకొందము. పైనుండి వచ్చిన ఆవిరి గాజులో చల్లబడి నీరై నిండును. బాయిలరులో నీరు అడుగంటుచుండగా గాజు మాత్రము నిండుగా కనబడును! అందుకే కుళాయిలను తెరచి, ఆవిరిని, నీటిని వేరువేరుగా వెళ్లగొట్టి, దారులు తెరిపిగా ఉన్నవో లేవో తరచు పరీక్షింపవలెనను నియమము వచ్చినది. 1923 నాటి భారత బాయిలర్ల చట్టము క్రింద ఏర్పడిన నిబంధనలు బాయిలరుకు నీటి మట్టము చూపు సాధనములు రెండు ఉండవలెనని విధించినవి. ఆ చట్టము స్థానమున 2025లో కొత్త చట్టము వచ్చినది. ఒక సాక్షి చాలదు, రెండవ సాక్షి కావలెను, ఇద్దరినీ అప్పుడప్పుడు ప్రశ్నించి చూడవలెను అను బుద్ధి బాయిలర్లు నేర్పిన పాఠము.

నూనె ట్యాంకు వద్ద లెక్క

ఆదోని పత్తికి, వేరుసెనగకు పేరుపొందిన సంత. పత్తి గింజ నుండి, వేరుసెనగ నుండి నూనె తీయు మిల్లులు అక్కడ వెలసినవి. జిల్లా కేంద్రమైన కర్నూలులో తుంగభద్రా ఇండస్ట్రీస్ అను సంస్థ వేరుసెనగ నూనెను శుద్ధి చేసి, ఉదజనితో చర్య జరిపి వనస్పతి తయారుచేసెడిది. అట్లు గట్టిపడిన నూనె కూడ అమ్మకపు పన్ను విషయములో వేరుసెనగ నూనెయే అని సుప్రీం కోర్టు 1960లో ఈ సంస్థ వ్యాజ్యములోనే తీర్పు చెప్పినది.

నూనె ట్యాంకులో కొలకఱ్ఱ దించి మట్టము చూచి, పట్టికనుబట్టి లీటర్లు లెక్కకట్టుట వాడుక. ఇందులో ఒక చిక్కు ఉన్నది. నూనె వేడికి వ్యాకోచించును. ఒక్క సెంటిగ్రేడు డిగ్రీకి వేరుసెనగ నూనె ఘనపరిమాణము సుమారు పదివేలలో 7 వంతులు పెరుగును. పుష్యమాసపు చలిలో 5 మీటర్ల మట్టమున ఉన్న నూనె, వైశాఖపు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కినచో, చుక్క నూనె పోయకుండనే సుమారు 7 సెంటిమీటర్లు పైకి లేచును. మరల చల్లబడినప్పుడు అంత దిగును. ఉష్ణోగ్రతను వ్రాసికొనని గుమాస్తాకు ఇది దొంగతనముగా తోచును. కాపలావాని మీద నింద పడును. మట్టముతో పాటు ఉష్ణోగ్రతను గూడ కొలిచినప్పుడే లెక్క నిజమగును.

పీడనము చెప్పు మట్టము

ద్రవము లోతును బట్టి అడుగున పీడనము పెరుగును. పీడనము = లోతు × సాంద్రత × గురుత్వ త్వరణము అని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును. ట్యాంకు అడుగున పీడనమును కొలుచు సెన్సరు పెట్టినచో లోతు తెలియును. సాధనము చిన్నది, కదలు భాగములు తక్కువ. కాని అది కొలిచినది పీడనమే. లోతు దానికి తెలియదు. నీటి సాంద్రతకు సరిచేసిన సెన్సరును వేరుసెనగ నూనె ట్యాంకుకు అమర్చినారనుకొందము. నూనె సాంద్రత నీటి సాంద్రతలో సుమారు 0.91 వంతు. 3 మీటర్ల నూనె ఉన్నచోట సెన్సరు 2.73 మీటర్లే చూపును. ఇంకను చోటున్నదని పంపు నడుపుచున్నవానికి 27 సెంటిమీటర్ల మోసము జరిగినది. నూనె పొర్లిన పిమ్మటగాని తెలియదు.

మరొక మాట. మూసిన ట్యాంకు పైకప్పులోని గాలిగొట్టము మూసికొనిపోయినచో లోపలి గాలి పీడనము ద్రవ పీడనముతో కలిసిపోవును. అప్పుడు సెన్సరు ఉన్నదానికంటె ఎక్కువ చూపును. అట్టి పాత్రలకు పైన ఒకటి, క్రింద ఒకటి పీడనములు తీసి, వాటి తేడాను చూచుట సరియైన మార్గము.

ప్రతిధ్వనితో కొలుచుట

20వ శతాబ్దిలో పాత్రను తాకకుండ కొలుచు పద్ధతులు వచ్చినవి. పైకప్పు నుండి అతిధ్వని తరంగములను క్రిందికి పంపి, ద్రవపు పైపొర నుండి ప్రతిధ్వని తిరిగివచ్చు కాలమును కొలుచుట అందులో ఒకటి. ఇందులోను ప్రకృతి ఒక షరతు పెట్టినది. గాలిలో ధ్వని వేగము 20 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. 44 డిగ్రీల వద్ద సుమారు 358 మీటర్లు. ఎండకు కాలిన ట్యాంకులో సెన్సరుకు, ద్రవమునకు నడుమ 5 మీటర్ల దూరమున్నదనుకొందము. 20 డిగ్రీలకే లెక్కకట్టు సెన్సరు ఆ దూరమును 4.79 మీటర్లుగా చెప్పును. అనగా మట్టము నిజముకంటె 21 సెంటిమీటర్లు ఎత్తుగా కనబడును. అందుచేత ఇట్టి సెన్సర్లలో ఉష్ణమాపకమును గూడ చేర్చి, వేగమును సవరించుదురు.

రాడారు సాధనములు సూక్ష్మ విద్యుదయస్కాంత తరంగములను వాడును. ఇవి కాంతి వేగముతో పోవును గనుక ఎండ వలన కలుగు తేడా ఇంచుమించు లేదు. కాని 5 మీటర్లు పోయి తిరిగివచ్చుటకు వాటికి పట్టు కాలము సెకనులో 3 కోట్లవ వంతు. అంత సూక్ష్మ కాలమును కొలుచు ఎలక్ట్రానిక్ నేర్పు కుదిరిన తరువాతనే, 1970ల దశకములో, చమురు నౌకల ట్యాంకులలో రాడారు మట్టసూచులు ప్రవేశించినవి. నీటి పైపొర నుండి ప్రతిధ్వని బలముగా వచ్చును. నూనె విద్యుద్రోధక స్థిరాంకము తక్కువ గనుక దాని పైపొర నుండి బలహీనముగా వచ్చును. సెన్సరును ఎన్నుకొనుటకు ముందు పాత్రలోని సరుకేదో తెలిసికొనుట ఇందువలన అవసరము.

సాక్షి తప్పిన రోజులు

2005వ సంవత్సరములో జరిగిన రెండు ప్రమాదములు ఈ విషయమును ప్రపంచమంతటికి బోధించినవి. మార్చి 23వ తేదీన అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారములో ఒక ఎత్తైన గోపురమును నింపుచుండిరి. అడుగున సుమారు 2 మీటర్లు ఉండవలసిన ద్రవము 45 మీటర్లకు పైగా నిండినది. మట్టసూచి మాత్రము 3 మీటర్లకు లోపే చూపినది. పైగా మట్టము తగ్గుచున్నదని కూడ చూపినది! కారణము ఆర్కిమిడీసు సూత్రములోనే ఉన్నది. ఆ సాధనము ద్రవములో మునిగిన ఒక దిమ్మె మీది ఉత్ప్లవన బలమును బట్టి మట్టము చెప్పును. దిమ్మె పూర్తిగా మునిగిన తరువాత మట్టము ఎంత పెరిగినను బలము పెరుగదు. ద్రవము వేడెక్కి సాంద్రత తగ్గుటచే బలము తగ్గినది. దానిని సాధనము మట్టము తగ్గినట్లు చదివినది. మట్టము మించినదని హెచ్చరింపవలసిన వేరొక స్విచ్చి పనిచేయలేదు. చూచుటకు పెట్టిన గాజు మసకబారియున్నది. ద్రవము పైకి చిమ్మి, ఆవిరియై అంటుకొని 15 మంది మరణించిరి. 180 మంది గాయపడిరి.

అదే ఏడు డిసెంబరు 11వ తేదీన ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డు చమురు డిపోలో ఒక పెట్రోలు ట్యాంకు పొర్లినది. ట్యాంకు నిండుచుండగా మట్టసూచి ఒకేచోట నిలిచిపోయినది. మట్టము మితిమీరినచో సరఫరాను ఆపవలసిన రెండవ స్విచ్చి ఉన్నది; కాని పరీక్ష తరువాత దాని మీటను సరియైన స్థానమున పట్టియుంచు తాళము వేయలేదు. స్విచ్చి నిద్రించినది. ప్రేలుడు వలన 40 మందికి పైగా గాయపడిరి. ఆదివారము తెల్లవారుజామున జరిగినందున ప్రాణములు దక్కినవి. రెండు చోట్లను సాధనములు లేకపోలేదు. అవి చెప్పినదానిని వేరొక విధముగా సరిచూచుట లేకపోయినది.

ఆంధ్రదేశములో 2020 మే 7వ తేదీన విశాఖపట్టణము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురమున జరిగిన స్టైరీను దుర్ఘటన మట్టమునకు సంబంధించినది కాదు, ఉష్ణోగ్రతకు సంబంధించినది. అయినను అది చెప్పు నీతి ఇదియే. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగముననే కొలిచెడివారనియు, పై పొరలలో పెరిగిన వేడి తెలియలేదనియు ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చినది. 12 మంది ప్రాణములు కోల్పోయిరి. సాధనము చెప్పినది అది ఉన్న చోటి సంగతియే. పాత్ర అంతటి సంగతి కాదు.

ఎక్కడ అమర్చవలెను?

కనుక సెన్సరును కొనుటకంటె దానిని అమర్చు చోటును ఎన్నుకొనుట కష్టము. సరుకు పోయు ధార క్రింద పెట్టరాదు. ధారనే మట్టమని భ్రమించును. నిచ్చెన మీద, వేడిచేయు గొట్టముల చుట్ట మీద తరంగములు పడరాదు. వాటి ప్రతిధ్వని అడ్డువచ్చును. గుమ్మటము వంటి పైకప్పున్న ట్యాంకులో సరిగ్గా నడుమ పెట్టరాదు. తరంగములు పలుమార్లు పరావర్తనము చెంది అచ్చటనే కేంద్రీకరించును. అతిధ్వని సెన్సరుకు తన ముఖము దగ్గర కొంత మేర ఏమియు వినబడదు. కనుక నిండు మట్టము ఆ మేరలోనికి రాకుండ సెన్సరును ఎత్తుగా బిగింపవలెను. నురుగు, ఆవిరి, దుమ్ము ఎక్కువగా ఉన్న చోట మరొక పద్ధతిని చూచుకొనవలెను.

ధాన్యపు గిడ్డంగిలో మరొక చిత్రమున్నది. గింజలు నీటివలె సమముగా పరచుకొనవు. నడుమ పోసినచో శంకువు వలె రాశి నిలుచును. శిఖరము మీద చూచు సెన్సరు సరుకు ఎక్కువ చెప్పును. గోడ దగ్గర చూచునది తక్కువ చెప్పును. శంకువు సరాసరి ఎత్తు దాని పూర్తి ఎత్తులో మూడవ వంతు. ఆ ఎత్తు నడుమనుండి వ్యాసార్ధములో మూడింట రెండు వంతుల దూరమున వచ్చును. సెన్సరు చూపును అక్కడ నిలిపినచో లెక్క సరిపోవును. విద్యార్థులు తాము నేర్చిన శంకువు సూత్రముతో దీనిని స్వయముగా రుజువు చేయవచ్చును.

మట్టము వేరు, రాశి వేరు

అన్నిటికంటె పెద్ద పాఠమును తుంగభద్రా జలాశయము చెప్పుచున్నది. 1953లో దీని నీరు కాలువలకు వచ్చినది. కుడిగట్టు దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు పొలములకును, ఎగువ కాలువ నుండి చీలిన శాఖ ఆలూరు పొలములకును నీరిచ్చుచున్నవి. జలాశయపు నిండు మట్టము సముద్రమట్టమునకు 1633 అడుగులు. ఆ మట్టమున మొదట సుమారు 133 టి.ఎం.సి. నీరు పట్టెడిది. ఒక టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. ఏటేట వరద తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొనినది. ఆ తరువాత జరిగిన సర్వేలో అదే 1633 అడుగుల మట్టమున సుమారు 105 టి.ఎం.సి. నీరే పట్టునని తేలినది. మట్టపు కొలత ఒక్క అంగుళము కూడ తప్పలేదు. తప్పినది మట్టమును రాశిగా మార్చు పట్టిక. ఇట్టి సర్వేలలో పడవ నుండి ధ్వని తరంగములను నీటిలోనికి పంపి, అడుగు నుండి వచ్చు ప్రతిధ్వనితో లోతు కొలుచుదురు. ట్యాంకు పైకప్పులోని సెన్సరు చేయు పనియే ఇక్కడ తలక్రిందులుగా జరుగుచున్నది: అది పైపొరను వెదకును, ఇది అడుగును వెదకును.

కాలువ గోడ మీద వ్రాసిన అడుగులు, అంగుళముల గీతలను లస్కరు చదువును. ఆ లోతునుబట్టి సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుచున్నదో లెక్కకట్టుదురు. కాని కాలువలో నాచు, తుంగ పెరిగినచో వేగము తగ్గి, అదే లోతున తక్కువ నీరు పారును. గీత మీద నీరు నిండుగా కనబడుచుండగనే కాలువ కొసనున్న రైతుకు తడి అందదు. ఎవరును అబద్ధమాడకుండనే అన్యాయము జరుగుటకు ఇది చక్కని ఉదాహరణము. కాలువ పరిస్థితి మారినప్పుడెల్ల ప్రవాహమును తిరిగి కొలిచి, పట్టికను సరిదిద్దుటయే దీనికి మందు.

బడిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక బకెట్టు లోపలి గోడకు స్కేలు కట్టి, లోటాతో లెక్కపెట్టుచు నీరు పోసి, ఒక్కొక్క లోటాకు మట్టము ఎంత పెరిగినదో పట్టిక వ్రాయవలెను. తరువాత నీరు పారబోసి, అడుగున కొన్ని గులకరాళ్లు పరచి, స్కేలు మీద మునుపటి మట్టము వచ్చువరకు నీరు పోయవలెను. ఎన్ని లోటాలు తగ్గినవో చూచినచో జలాశయపు పూడిక సంగతి బోధపడును. రెండవ ప్రయోగములో, బరువు కట్టిన ఒక సన్నని పరీక్షనాళికను మొదట మంచినీటిలోను, తరువాత ఉప్పు బాగుగా కలిపిన నీటిలోను తేల్చి, అది మునుగు లోతులలోని తేడాను గుర్తింపవలెను. అప్పుడు టెక్సాస్ సిటీ మట్టసూచి ఎందుకు మోసపోయినదో విద్యార్థులే చెప్పగలరు. ఆ పిమ్మట వారిని ఊరిలోని నీళ్ల ట్యాంకు వద్దకు తీసికొనిపోయి, అచ్చటి మట్టసూచి నిజముగా కొలుచుచున్నదేమి, అది చెడిపోయినచో ఆ సంగతి ఎట్లు తెలియును అని అడిగి చూడవచ్చును.